తటస్థ దేశాల పాఠాలు: భీమవరం ఆదివారపు తరగతుల మీద ఒక సమీక్ష

భీమవరంలో పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలకు కొదవ లేదు. వాటిలో ఒకటి, పేరు ఇక్కడ అనవసరం, కొంతకాలంగా ఆదివారం ఉదయాల్లో ఒకే ఒక అంశం మీద తరగతులు నడుపుతోంది: ఎవరి పక్షమూ వహించనని ప్రకటించుకున్న దేశం చివరికి పెద్ద యుద్ధంలోకి ఎలా వచ్చి పడుతుంది? గ్రూప్-1, సివిల్స్ రాసేవారి కోసం మొదలుపెట్టినా ఆసక్తి ఉన్న ఎవరినైనా చేర్చుకుంటున్నారు. రుసుము 1,500 రూపాయలు. పటాల కట్ట అందులోనే వస్తుంది గాని, ముద్రించిన నోట్సు కావాలంటే మరో 300 చెల్లించాలి. నేను పరీక్షలు రాసే వయసు దాటిపోయినవాణ్ణి, రొయ్యల ఎగుమతి సంస్థలో సరుకు పత్రాలు చూసే ఉద్యోగిని. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలైనప్పుడు మా కంటెయినర్లు ఆఫ్రికా కొస చుట్టూ తిరిగి వెళ్లడం, ఫ్రైటు (ఓడ కిరాయి), బీమా రెండూ ఎగబాకడం, ఆ భారం చివరికి చెరువు గట్టు మీద ధర దాకా రావడం దగ్గరుండి చూశాను. ఎవరితోనూ తగాదా లేని సరుకు ఎవరి యుద్ధానికో ఎందుకు చిక్కుతుందో ఓపిగ్గా చెప్పేవారు దొరికితే వినాలనిపించి చేరాను.

ముందుగా తేల్చి చెప్పేస్తాను. పాఠం చాలా బాగుంది, పుస్తకం బాగాలేదు. ఈ రెండూ ఒకే చోట తయారయ్యాయంటే నమ్మశక్యంగా లేదు. తరగతిలో మాస్టారు దేశాల ఉపన్యాసాలను, ప్రకటనలను దాదాపు పక్కన పెట్టేసి, ఆ దేశం మీదుగా ఏ దారులు పోతున్నాయి, దాని రేవుల్లో ఎవరి ఓడలు ఆగుతున్నాయి, దాని బ్యాంకులు ఎవరికి అప్పిచ్చాయి అన్న మూడు ప్రశ్నలతోనే నడిపిస్తారు. యుద్ధం ప్రకటించిన తేదీ వచ్చేసరికి ఆ దేశపు తటస్థత చాలావరకు కరిగిపోయి ఉంటుందని, ఒక్కో అనుమతితో, ఒక్కో మినహాయింపుతో అది కరుగుతూ వచ్చిందని పత్రాలు చూపించి మరీ ఒప్పిస్తారు.

మొదటి తరగతి బెల్జియంది. 1839 లండన్ ఒప్పందంలో బ్రిటన్, ఫ్రాన్స్, ఆస్ట్రియా, ప్రష్యా, రష్యా అయిదూ ఆ దేశపు శాశ్వత తటస్థతకు పూచీ పడ్డాయి. మొదటి ప్రపంచ యుద్ధం మొదలవుతున్న 1914 ఆగస్టు 2 సాయంత్రం, ఆ ప్రష్యా నాయకత్వంలోనే ఏర్పడిన జర్మనీ బ్రస్సెల్స్‌లో ఒక తాఖీదు అందజేసింది. జవాబుకు గడువు 12 గంటలు, అదీ రాత్రిపూట. ఆ తాఖీదు సారాన్ని మాస్టారు తెలుగులో టైపు చేయించి తలా ఒక కాగితం పంచి, బెల్జియం ప్రభుత్వం మీరే అనుకుని జవాబు రాయమన్నారు. తాఖీదు మర్యాదగానే ఉంటుంది. ఫ్రెంచి సేనలు మ్యూజ్ నది వెంబడి మీ మీదుగా మా మీదికి రాబోతున్నాయని మాకు తెలిసింది, కాబట్టి మా సేనలకు దారి ఇవ్వండి, యుద్ధం కాగానే ఖాళీ చేసి వెళ్లిపోతాం, తీసుకున్న సరుకుకు రొక్కం ఇస్తాం, జరిగిన నష్టం కట్టిస్తాం, అడ్డం వస్తే మాత్రం శత్రువులుగా చూడవలసి వస్తుంది. ఇంతే. ఫ్రెంచి సేనల సంగతి అబద్ధమన్నది పక్కన పెట్టి చదివితే, ఇందులో బేరానికి పనికొచ్చే మాటలు లేకపోలేదు.

మా బల్ల మీద కూర్చున్న ఒక రైసుమిల్లు యజమాని అదే అన్నారు. "పైకం ఇస్తామంటున్నారు కదండీ, దారి ఇచ్చేస్తే పోలా? మన చేలోంచి పొరుగాయన కోతమిషను పోతానంటే వద్దంటామా?" మాస్టారు నవ్వి, "ఆ మిషను కోయబోయేది మీ రెండో పక్కాయన చేను అయితేనో అండీ?" అన్నారు. తరగతి మొత్తంలో హేగ్ ఒప్పందానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు వినబడలేదు. 1907 నాటి అయిదో హేగ్ ఒప్పందం ప్రకారం తటస్థ దేశం తన నేల మీదుగా యుద్ధం చేస్తున్నవారి సేనలను పోనివ్వకూడదు. పోనిస్తే ఎదుటి పక్షానికి ఫిర్యాదు చేసే హక్కు వస్తుంది, పూచీదారులకు తప్పుకునే సాకు దొరుకుతుంది. అదే ఒప్పందంలో పదో అధికరణం మరో మాట చెబుతుంది: తన తటస్థతను కాపాడుకోవడానికి ఆయుధం పట్టినా అది శత్రుచర్య కింద లెక్కకు రాదు. అంటే దారి ఇస్తే తటస్థత పోతుంది, దారి ఇవ్వకపోతే దేశం పోయే ప్రమాదం ఉంది. ఆల్బర్ట్ రాజూ ఆయన మంత్రులూ రెండో దానికే సిద్ధపడి ఆగస్టు 3 ఉదయం కుదరదని జవాబిచ్చారు, 4వ తేదీన జర్మన్ సేనలు సరిహద్దు దాటాయి, ఆ రాత్రికి బ్రిటన్ యుద్ధంలోకి దిగింది. జర్మన్ ఛాన్సలర్ బెత్‌మన్ హోల్‌వెగ్ బ్రిటిష్ రాయబారితో ఆ పాత ఒప్పందాన్ని చిత్తుకాగితమని తీసిపారేసింది ఆ రోజే. పక్కనే ఉన్న లక్సెంబర్గుకూ 1867 నుంచి అలాంటి పూచీయే ఉంది. ఎదిరించే సైన్యం లేని ఆ చిన్న దేశంలోకి ఆగస్టు 2నే జర్మన్లు ప్రవేశించారు, నాలుగేళ్లకు పైగా అక్కడే ఉన్నారు. ఈ రెండు దేశాలను పక్కపక్కన పెట్టి చూపించడం మాస్టారి నేర్పు. నోట్సులో లక్సెంబర్గు పేరే లేదు.

ఈ తరగతుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది యిజెర్ నది పాఠం. డెల్టాలో పుట్టినవాడికి అది యుద్ధచరిత్రలా కాక నీటిపారుదల శాఖ ఫైలులా అర్థమవుతుంది. 1914 అక్టోబరు నాటికి బెల్జియం సేన వెనక్కి వెనక్కి జరిగి దేశపు పడమటి మూలన, సముద్రపు ఒడ్డున, యిజెర్ నది దగ్గర మిగిలింది. అక్కడి భూమి పోటు మట్టానికంటే పల్లం. న్యూపోర్ట్ దగ్గర లాకులు, తూములు ఉన్నాయి, వాటి పని వాననీటిని సముద్రంలోకి వదిలి సముద్రపు నీటిని లోపలికి రానీయకపోవడం. కారెల్ కొగ్గె అనే జలమార్గాల ఉద్యోగి, హెండ్రిక్ గీరార్ట్ అనే పడవవాడు, ఇంకా కొందరు స్థానికులు సైనికులకు దారి చూపగా, అక్టోబరు చివరి రాత్రుల్లో పోటు వేళ తలుపులు ఎత్తి సముద్రాన్ని లోపలికి రానిచ్చారు, పాటు తగలగానే, అంటే నీరు వెనక్కి తీయగానే, దించి పట్టి ఉంచారు. న్యూపోర్ట్ నుంచి డిక్స్‌మూడ్ దాకా ఉన్న రైలుకట్ట కింది తూములన్నీ ముందే పూడ్చిపెట్టడంతో ఆ కట్టే గట్టు అయింది. కట్టకు ఇవతల బెల్జియన్లు, అవతల నీళ్లలో జర్మన్లు. మోకాలి లోతు నీరు కదా, నడిచి దాటలేరా అని ఒక విద్యార్థి అడిగాడు. మునిగిన చేలో బోదె ఎక్కడ ఉందో, కాలువ ఎక్కడ ఉందో పైనుంచి కనబడదని మన దగ్గర వరదల్లో దిగినవారిని అడిగితే చెబుతారు. జర్మన్ దాడి అక్కడ ఆగిపోయింది, ఆ మూల చెక్కుచెదరకుండా 1918 దాకా బెల్జియం చేతిలోనే ఉంది.

వెనుక వరసలో రిటైరైన లస్కరు ఒకరు ఉన్నారు, మనవణ్ణి చేర్పించడానికి వచ్చి తానూ కూర్చుండిపోయిన మనిషి. జీవితమంతా ఉప్పుటేరు వైపు మురుగు కాలువల మీద షట్టర్లు ఎత్తుతూ దించుతూ గడిపారట. ఆయన లేచి, "ఆయ్, అంటే మేం చేసేదానికి తిరగేసి చేశారన్నమాటండి. మేం పాటుకి ఎత్తి పోటుకి దించుతాం. ఆళ్లు పోటుకి ఎత్తి పాటుకి దించారు" అన్నారు. తరవాత ఆయన అడిగిన ప్రశ్న మాస్టారిని కూడా కాస్త తడుముకునేలా చేసింది: "మరి ఉప్పునీళ్లు నాలుగేళ్లు నిలబడితే ఆ చేలు మళ్లీ ఎప్పటికి పండాయండి?" దానికి జవాబు కనుక్కుని వచ్చేవారం చెబుతానన్నారు గాని, వచ్చేవారం అది ఎవరికీ గుర్తు లేదు. దండయాత్రను ఆపడానికి ఒక దేశం తన పొలాన్నే ఉప్పుపాలు చేసుకోవడమంటే ఏమిటో అడగవలసిన ప్రశ్న మాత్రం అదే.

పాలకొల్లు, నరసాపురం, కాకినాడ వాళ్లు తప్పక వినవలసింది డచ్చివారి, అంటే నేటి నెదర్లాండ్స్ వారి, పాఠం. మాస్టారు దీన్ని వరసలో ముందు పెట్టకుండా బెల్జియం తర్వాత ఎందుకు పెట్టారో మొదట అర్థం కాలేదు. కాలక్రమం ప్రకారం ఇది 130 ఏళ్లు ముందుది. విన్నాక ఆ అమరికే సరైనదనిపించింది. బెల్జియం మీదికి యుద్ధం నడిచి వచ్చింది, డచ్చివారు మాత్రం లాభం వెంట నడుస్తూ యుద్ధంలోకి వెళ్లారు. అమెరికా వలసలు బ్రిటన్ మీద తిరగబడ్డప్పుడు డచ్చి గణతంత్రం తటస్థంగా ఉంది. కరీబియన్‌లో సెయింట్ యుస్టేషియస్ అనే చిన్న డచ్చి దీవి మాత్రం తిరుగుబాటుదారులకు తుపాకిమందు చేరవేసే పెద్ద సంతగా మారిపోయింది. 1776 నవంబరు 16న అమెరికన్ జెండాతో వచ్చిన ఓడకు ఆ దీవి కోట ఫిరంగులతో వందనం చేసింది. ఐరోపాలోనేమో డచ్చి ఓడలు ఫ్రాన్స్‌కు ఓడకలప మోస్తున్నాయి. 1674 నాటి ఒప్పందం ప్రకారం కలప నిషిద్ధ సరుకు కాదని డచ్చివారి వాదన, ఆ కలపతో కట్టే యుద్ధనౌకలు మా మీదికే వస్తాయని బ్రిటన్ వాదన. 1678 ఒప్పందం ప్రకారం మాకు సాయం పంపాలి కదా అని బ్రిటన్ అడిగితే డచ్చివారు దాటవేశారు. 1779లో అమెరికన్ నౌకాదళ కెప్టెన్ జాన్ పాల్ జోన్స్ తాను పట్టుకున్న బ్రిటిష్ ఓడలతో సహా టెక్సెల్ రేవులో వచ్చి నిలిచినా వెంటనే పంపించలేదు. ఆ ఏడాది చివరి రోజున బ్రిటిష్ నౌకాదళం యుద్ధనౌకల కాపలాలో పోతున్న డచ్చి వర్తకనౌకల్ని అటకాయించింది.

ఇక్కడ మాస్టారు ఒక చక్కటి వైరుధ్యం చూపించారు. 1780లో రష్యా రాణి రెండో కేథరిన్ తటస్థుల ఓడలను కాపాడుకోవడానికి సాయుధ తటస్థ కూటమి ఏర్పాటు చేసింది. డచ్చివారు అందులో చేరడానికి నిర్ణయించుకున్నారు. తమ తటస్థతకు అండ దొరుకుతుందని వాళ్ల ఆశ. కూటమిలో చేరాక వాళ్లతో పెట్టుకుంటే రష్యాతోనూ పెట్టుకున్నట్టవుతుందని గ్రహించిన బ్రిటన్, చేరిక ఖాయం కాకముందే తొందరపడింది. అంతకుముందే సముద్రంలో పట్టుబడిన అమెరికన్ దూత హెన్రీ లారెన్స్ దగ్గర ఆమ్‌స్టర్‌డామ్ వర్తకులు అమెరికాతో రాసుకున్న ముసాయిదా ఒప్పందం దొరికింది, సాకు సిద్ధంగానే ఉంది. 1780 డిసెంబరు 20న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. రక్షణ కోసం వేసిన అడుగే యుద్ధాన్ని ముందుకు లాగింది. 1781 ఫిబ్రవరిలో అడ్మిరల్ రోడ్నీ సెయింట్ యుస్టేషియస్‌ను పట్టుకుని, కోట మీద డచ్చి జెండాను అలాగే ఎగరనిచ్చి, సంగతి తెలియక వచ్చే ఓడల్ని ఒక్కొక్కటిగా పట్టాడు.

ఆ యుద్ధం మన తీరం దాకా వచ్చింది. కోరమండల్ తీరంలో డచ్చివారి ముఖ్యస్థావరం నాగపట్నం 1781 నవంబరులో బ్రిటిష్ వారి వశమై మళ్లీ తిరిగిరాలేదు. అప్పటికి తరతరాలుగా పాలకొల్లులోనూ కాకినాడ పక్క జగన్నాథపురంలోనూ డచ్చివారి బట్టల కొట్లు ఉండేవి. మన నేతగాళ్లు నేసిన బట్ట వాటి ద్వారానే ఓడ ఎక్కేది. కరీబియన్ దీవిలో తుపాకిమందు అమ్ముకున్న వర్తకుడి పాపం గోదావరి పాయల మీద బట్ట అమ్ముకునేవాడి మెడకు చుట్టుకుంది. చివరికి 1824 ఒప్పందంతో డచ్చివారు భారతదేశంలోని స్థావరాలన్నీ వదులుకున్నారు, మరుసటి ఏడాది అవి చేతులు మారాయి. పాలకొల్లు నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లకు తమ ఊళ్లో డచ్చివారు ఉండేవారని తెలుసు గాని, వాళ్లు ఎందుకు పోయారో అప్పటిదాకా తెలియదు. ఈ ఒక్క పాఠానికి రుసుములో సగం ఇచ్చేయవచ్చు.

తర్వాతిది వర్తకపు దిగ్బంధం. ఇది నా వృత్తికి దగ్గరిది కనుక కొంచెం ఎక్కువ పట్టింపుతో విన్నానేమో. మొదటి ప్రపంచ యుద్ధంలో డచ్చివారు బయటే ఉండగలిగారు, దానికి వాళ్లు చెల్లించిన వెల మాత్రం ఆసక్తికరం. వాళ్ల రేవులకు వచ్చే సరుకు జర్మనీకి చేరదని బ్రిటన్‌కు ఎవరో హామీ ఇవ్వాలి. ప్రభుత్వమే హామీ ఇస్తే జర్మనీ దాన్ని పక్షపాతం అంటుంది. అందుకని 1914 నవంబరులో నెదర్లాండ్స్ ఓవర్సీస్ ట్రస్ట్ అనే ప్రైవేటు సంస్థను వర్తకులూ బ్యాంకర్లూ కలిసి పెట్టారు. దిగుమతి సరుకు దాని పేరనే రావాలి, జర్మనీకి అమ్మబోమని వర్తకుడు దానికి పూచీ రాసివ్వాలి. బిల్ ఆఫ్ లేడింగ్ అనే ఓడసరుకు పత్రంలో కన్‌సైనీ, అంటే సరుకు అందుకునేవారి, పేరు ఒకటి మార్చి దేశాన్ని యుద్ధానికి అవతల నిలబెట్టారన్నమాట. బ్రిటన్ 1916లో నావిసర్ట్ అనే పత్రం కూడా తెచ్చింది. సరుకు బయలుదేరే రేవులోనే బ్రిటిష్ అధికారి తనిఖీ చేసి అది ఇస్తే దారిలో ఆపరు. రెండో యుద్ధంలోనూ దాన్నే తిరిగి తెచ్చారు. పరాయి దేశపు అధికారి ముద్ర లేనిదే తన సరుకు తన రేవుకు రాని దేశాన్ని తటస్థ దేశమనవచ్చా అని మాస్టారు అడిగితే పరీక్షార్థులు ఆలోచనలో పడ్డారు. నాకు మాత్రం అంత వింతగా అనిపించలేదు. అమెరికాకు రొయ్య పంపేవాడు అక్కడి అధికారుల షరతులన్నీ ఇక్కడే నెరవేర్చి పంపుతాడు, దాన్ని ఎవరూ లొంగుబాటు అనరు. 1918 మార్చిలో బ్రిటన్, అమెరికా తమ రేవుల్లో నిలిచి ఉన్న డచ్చి ఓడలను సొంతానికి వాడుకోవడానికి స్వాధీనం చేసుకున్నప్పుడు మాత్రం అది వర్తకం హద్దు దాటిందనే అనాలి.

అమెరికా పాఠంతో నాకు పేచీ ఉంది. మాస్టారు ఆ దేశం 1917లో యుద్ధంలోకి రావడానికి అసలు కారణం అప్పులేనని గట్టిగా వాదించారు. విదేశాంగ మంత్రి బ్రయన్ 1914లో యుద్ధదేశాలకు అప్పులివ్వడం తటస్థ స్ఫూర్తికి తగదన్నాడు. ఆయన 1915 జూన్‌లో రాజీనామా చేశాడు. ఆ శరదృతువులోనే బ్రిటన్, ఫ్రాన్స్‌లకు మోర్గాన్ బ్యాంకు ద్వారా 50 కోట్ల డాలర్ల అప్పు పుట్టింది. ఇదంతా నిజమే, దారి ఏ వైపుకు వాలిందో ఇవి చెబుతాయి. కానీ 1916 నవంబరులో అమెరికా ఫెడరల్ రిజర్వ్ బోర్డే హామీలేని యుద్ధపు అప్పుల విషయంలో జాగ్రత్తగా ఉండమని బ్యాంకులను బహిరంగంగా హెచ్చరించింది. అప్పుల కోసమే యుద్ధానికి దిగాలనుకున్న దేశం దిగడానికి అయిదు నెలల ముందు అప్పుల గొంతు నొక్కదు. లుసిటానియా అనే బ్రిటిష్ ప్రయాణికుల ఓడ 1915 మే 7న జర్మన్ జలాంతర్గామి దాడిలో మునిగి 1,198 మంది పోయినా, వారిలో 128 మంది అమెరికన్లే అయినా అధ్యక్షుడు విల్సన్ యుద్ధానికి దిగలేదు, 1916 ఎన్నికల్లో ఆయన పక్షం దేశాన్ని యుద్ధానికి దూరంగా ఉంచాడనే చెప్పుకుని గెలిచింది. 1917 ఫిబ్రవరి 1 నుంచి జర్మనీ ఏ జెండా ఓడనైనా ముంచుతామని జలాంతర్గాములను వదలడం, మెక్సికోను అమెరికా మీదికి ఉసిగొలిపే జర్మన్ విదేశాంగ మంత్రి జిమర్‌మన్ తంతి మార్చి 1న పత్రికల్లో బయటపడడం కలిసి ఏప్రిల్ 6 నాటి ప్రకటనకు దారితీశాయి. ఈ మాట లేచి అన్నాను. మాస్టారు విసుక్కోకుండా విని, బోర్డు మీద రెండు వాదనలూ రాయించి, ఎవరికి ఏది నచ్చిందో వాళ్లే రాసుకోమన్నారు. అభిప్రాయభేదాన్ని ఇలా తీసుకునే గురువులు మన శిక్షణ కేంద్రాల్లో తక్కువే.

నార్వే పాఠం చురుగ్గా సాగిపోయింది. స్వీడన్ ఇనుప ఖనిజం శీతాకాలంలో బాల్టిక్ గడ్డకడితే నార్విక్ రేవు మీదుగా జర్మనీకి పోయేది. 1940 ఫిబ్రవరిలో బ్రిటిష్ నౌకాదళం నార్వే జలాల్లోకి చొరబడి జర్మనీకి చెందిన ఆల్ట్‌మార్క్ ఓడ నుంచి 299 మంది ఖైదీలను విడిపించింది. ఏప్రిల్ 8న బ్రిటన్ ఆ జలాల్లో మందుపాతరలు వేసింది, మర్నాడు జర్మనీ దిగింది. రెండు పక్షాలూ ఒకే రేవు మీద కన్నేసిన దేశానికి ప్రకటనలతో పని లేదని పటం చూస్తేనే తెలుస్తుంది. స్వీడన్, స్విట్జర్లాండ్ ఎలా తప్పించుకున్నాయన్నది మాత్రం మరీ పైపైన చెప్పారు. 1941లో జర్మన్ డివిజన్ ఒకటి స్వీడన్ రైళ్ల మీద ఫిన్లాండు చేరిన సంగతి ఒక్క వాక్యంలో ముగిసింది. బెల్జియం నిరాకరించిన దారినే స్వీడన్ ఇచ్చిందని, అయినా నిలబడిందని, మొదటి పాఠానికి ఎదురుగా నిలిచే ఈ ఉదాహరణను తిరిగి మొదటి పాఠంతో ముడిపెట్టి ఉంటే చర్చ రసవత్తరంగా ఉండేది.

నా పెద్ద ఫిర్యాదు ఇరాన్ గురించి. 1941 ఆగస్టు 25న బ్రిటన్, సోవియట్ యూనియన్ రెండు వైపుల నుంచి తటస్థ ఇరాన్‌లోకి ప్రవేశించాయి. అక్కడ ఉన్న జర్మన్లను పంపేయలేదన్నది చెప్పిన కారణం. చమురు, సోవియట్‌కు సరుకు చేరవేసే రైలుమార్గం అసలు అవసరాలు. ఇరాన్ రాజు రెజా షా సెప్టెంబరు 16న సింహాసనం వదులుకున్నాడు. యుద్ధం ముగిశాక ఆరు నెలల్లో వెళ్లిపోతామని 1942 జనవరిలో ఒప్పందం రాశారు. 1943 సెప్టెంబరులో ఇరానే జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. బెల్జియం కోసం యుద్ధం చేశామని చెప్పుకున్న బ్రిటన్ పాతికేళ్ల తర్వాత జర్మనీ మాదిరే తాఖీదులు పంపి లోపలికి నడిచిందన్నది ఈ తరగతులకు గుండెకాయ కావలసిన విషయం. పైగా ఆ దాడిలో అబాదాన్ మీదికి వెళ్లింది 8వ భారతీయ డివిజన్, ఇరాన్ పడమటి కొండదారుల మీదుగా నడిచింది బ్రిటిష్ సేనాని స్లిమ్ నాయకత్వంలోని 10వ భారతీయ డివిజన్. తటస్థ దేశం మీదికి నడిచిన సైనికుల్లో మనవాళ్లు ఉన్నారంటే తరగతి ఎలా స్పందించేదో గాని, టీ వేళ అయిపోతోందని పావుగంటలో ముగించారు. కంబోడియాకు అదీ దక్కలేదు, 1969 నాటి రహస్య బాంబుదాడులు, 1970 మార్చిలో అక్కడి పాలకుడు సిహనూక్‌ను దించివేయడం రెండు స్లైడులతో సరి.

ఆఖరి తరగతిలో మన తీరం మళ్లీ వచ్చింది. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి ఎవరినీ అడగకుండానే భారతదేశాన్ని యుద్ధంలో చేర్చాడు కాబట్టి మనం తటస్థులమే కాదు, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖతోపాటు కాకినాడ మీద బాంబులు వేసినప్పుడు అది శత్రుదేశపు రేవు మీద దాడే. అదే డెల్టాలో, కాకినాడకు దగ్గరలోనే ఉన్న, అప్పటికి ఫ్రెంచివారి పాలనలోని యానాం పరిస్థితి వేరు. 1940లో ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయి జర్మనీతో రాజీపడిన విషీ ప్రభుత్వం అక్కడ ఏర్పడ్డాక ఫ్రెంచి భారతం ఎటు నిలబడాలో తేల్చుకోవలసి వచ్చింది, గవర్నరు బోన్‌వాఁ దాన్ని జర్మనీతో పోరు సాగించిన డిగాల్ పక్షాన నిలిపాడు. చుట్టూ బ్రిటిష్ నేల ఉన్న యానాంకు వేరే దారి ఏదైనా ఉండేదా అన్న ప్రశ్నతో మాస్టారు మంచి చర్చ లేవదీశారు. అలీన విధానానికీ తటస్థతకూ తేడా కూడా ఇక్కడే చెప్పారు, అది పరీక్షల్లో తరచుగా అడిగేదే కనుక విద్యార్థులు గబగబా రాసుకున్నారు.

సదుపాయాల విషయం. గది మేడ మీద, మెట్లు ఇరుకు, పెద్దవాళ్లకు ఇబ్బంది. కరెంటు పోతే ఇన్వర్టరు ఫ్యాన్లకే సరిపోతుంది, ప్రొజెక్టరు ఆగిపోతుంది. అప్పుడు పటాల కట్టే దిక్కు. ఆ కట్ట మాత్రం నిజంగా పనికొచ్చే వస్తువు. ఏ3 కాగితాల మీద రంగుల్లో, తెలుగు పేర్లతో, రైలుమార్గాలూ రేవులూ గడ్డకట్టే జలాలూ విడివిడిగా గుర్తించి ఇచ్చారు. యిజెర్ పటంలో రైలుకట్ట, లాకులు, నీరు నిలిచిన మేర వేరువేరు రంగుల్లో ఉన్నాయి. సందేహాలకు వాట్సాప్ గుంపు ఒకటి పెట్టారు గాని, అందులో శుభోదయాలే ఎక్కువ. తరగతి తప్పితే రికార్డింగు ఇవ్వరు, తర్వాతి బ్యాచిలో కూర్చోమంటారు.

ఇక నోట్సు. తరగతిలో అంత నేర్పుగా విప్పి చూపిన విషయాన్ని ఈ పుస్తకం పట్టుకుని కారణాలు, పర్యవసానాలు, గుర్తుంచుకోవలసిన తేదీలు అని ముక్కలు చేసింది. ప్రతి దేశానికీ రాజకీయ, ఆర్థిక, భౌగోళిక కారణాలంటూ అవే శీర్షికలు, వాటి కింద ఇంచుమించు అవే వాక్యాలు. నార్వే పేరు తీసి ఇరాన్ పేరు పెట్టినా తేడా తెలియదు. హేగ్ ఒప్పందం అధికరణాల సంఖ్యలు ఉన్నాయి గాని అవి ఏం చెబుతాయో లేదు. తాఖీదు తెలుగు పాఠం, ఓవర్సీస్ ట్రస్ట్ పూచీపత్రం నమూనా, ఇలా తరగతిలో పంచిన పత్రాలు ఒక్కటీ ఇందులో చేర్చలేదు. డచ్చి పాఠానికి అర పేజీ, అందులో పాలకొల్లు ప్రసక్తే లేదు. అచ్చుతప్పులు సరేసరి, లుసిటానియా మునిగిన సంవత్సరమే రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. కార్యాలయంలో ఈ సంగతి చెబితే రాసుకున్నారు, మరుసటి ముద్రణలో దిద్దుతారేమో చూడాలి.

పరీక్ష కోసం చేరేవారికి ఒక మాట. ఈ తరగతులు సిలబస్‌లో ఒక చిన్న మూలకే సరిపోతాయి, మార్కుల లెక్కలో చూస్తే 1,500 ఎక్కువే అనిపించవచ్చు. వ్యాసం రాసే పేపరుకు, మౌఖిక పరీక్షకు మాత్రం ఆ పత్రాలు చదివిన అలవాటు ఉపయోగపడుతుంది. వర్తకంలో, ఎగుమతుల్లో ఉన్నవారు దిగ్బంధం పాఠం, డచ్చి పాఠం ఉన్న ఆదివారాలు ఎప్పుడో ఫోన్ చేసి కనుక్కుని వెళ్లినా చాలు, విడిగా ఒక్కో తరగతికి కూడా చేర్చుకుంటున్నారు. నోట్సుకు పెట్టే 300 మిగుల్చుకోండి. పటాల కట్ట రెండోది కావాలన్నా ఇస్తారు, తరగతిలో పంచే పత్రాల జిరాక్సులు అడిగి తీసుకోండి. ఇరాన్ పాఠం జరిగే రోజున టీ ముందే తాగి కూర్చుంటే మాస్టారికి ఇంకో పావుగంట దక్కుతుంది.